రెండు వందల్లో ఒకటి

నాకు అక్షరాలకంటే ముందు పందెం లెక్క వచ్చింది. గొప్పకు చెప్పడం లేదు. ముప్పై నాలుగేళ్లు నిండేదాకా నా పేరు రాసుకోవడం నాకు రాలేదు. కానీ ఎద్దుల పోటీలో ఏ కాడి మీద ఎవడు ఎన్ని టెంకాయలు కాశాడో, దాన్నిబట్టి ఆ కాడి గెలుపు వంతు ఎంతో, నిలబడ్డ చోటనే చెప్పేవాణ్ణి. ఆ తెలివితోనే కరెంటు ప్లాంటులో నలుగురూ నన్ను గుర్తుపట్టారు. ఆ తెలివితోనే ఒక మనిషి కాలు పోగొట్టాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు, అందులోనూ లెక్క బాగా వచ్చినవాళ్లు ఇది చదవాలని రాస్తున్నాను. లెక్క రానివాడు భయపడి నాలుగుసార్లు అడుగుతాడు కాబట్టి వాడితో నాకు పేచీ లేదు.

మాది రాయచూరు వైపు, కృష్ణ ఒడ్డు ఊరు. ఏరు దాటితే తెలంగాణ. కూలి చేసుకుని బతికే ఇల్లు. ఏటా జాతరకు బండలాగుడు పోటీలు పెట్టేవాళ్లు. అరకేర లాంటి దూరపు ఊళ్ల నుంచి కూడా ఎడ్లను తోలుకొచ్చేవాళ్లు. మా దగ్గర పందెం టెంకాయల్లో కాసేవాళ్లు. ఒక కాడి మీద "మూడుకు ఒకటి" అని ఎవడైనా అరిచాడంటే, అది గెలవదని మూడు కాయలు పెట్టేవాడొకడు, గెలుస్తుందని ఒక కాయ పెట్టేవాడొకడు తయారయ్యారని అర్థం. బుట్టలో పడేవి నాలుగు కాయలు. ఆ కాడి గెలుపు వంతు నాలుగింట ఒకటి. మూడింట ఒకటి కాదు. చదువుకున్నవాళ్లు చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. గెలవని వైపూ గెలిచే వైపూ కలిపితేనే మొత్తం అవుతుంది.

ఇంకొకటి కూడా మాకు తెలుసు. నాలుగింట ఒక వంతున్న కాడి ఇవాళ గెలవాలి, సగం వంతున్న ఇంకో కాడి రేపు గెలవాలి, రెండూ జరగాలి అని ఎవడైనా పందెం కాస్తే, సగంలో పావు కట్టాలి. అంటే ఎనిమిదింట ఒకటి. ఈ లెక్క మాకు ఎవరూ బడిలో చెప్పలేదు. ఓడిపోయి నేర్చుకున్నాం.

ఊరికి దగ్గర్లో ప్లాంటు కడుతున్నప్పుడు తట్ట మోయడానికి పోయాను. కట్టడం ముగిశాక కొందరిని ఉంచుకున్నారు. నన్ను బొగ్గు విభాగంలో వేశారు. వ్యాగన్లలో వచ్చిన బొగ్గును పగలగొట్టి, రబ్బరు బెల్టుల మీద పైకి పంపి, బంకర్లనే పెద్ద తొట్లలో నింపాలి. బంకర్ ఖాళీ అయితే బాయిలర్ ఆగుతుంది, బాయిలర్ ఆగితే పైవాళ్ల నోళ్లు తెరుచుకుంటాయి. మా పనికి కావలసిన ఇంజనీరింగ్ ఇంతే.

అక్కడ నాకు జోడీగా దొరికినవాడు తుంగభద్ర కాలువ కింది మనిషి. పోతనాళ దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరు వాళ్లది. అలాంటి ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. అందుకే అందరం అతన్ని "క్యాంపు" అనే పిలిచేవాళ్లం. నాకంటే ఆరేళ్లు చిన్న. అన్నదమ్ముల పంపకాల్లో తన భాగం పొలం చాలక కొలువుకొచ్చాడు. వాళ్ల మాట తీరుకూ మా మాట తీరుకూ పొంతన ఉండేది కాదు. నేను "గిట్ల చెయ్" అంటే వాడు "ఎట్లా చెయ్యమంటావు, గిట్లంటే మా ఊళ్లో గిట్టలు" అని నవ్వేవాడు. నేను ఊరుకునేవాణ్ణి కాదు. "మీరు వచ్చినంక గద మా నీళ్లన్ని మీ మళ్లకు పాయె" అనేవాణ్ణి. ఇద్దరం ఒకే డబ్బాలో తినేవాళ్లం.

నాకు అక్షరాలు నేర్పింది అతనే. బెల్టు నడిచే పొడవాటి గదిని మేం గ్యాలరీ అంటాం. ఆ గ్యాలరీ ఇనుప స్తంభం మీద, తిండి వేళ, సుద్దముక్కతో నేర్పాడు. ఎలా నేర్పాడంటే తిట్టి. "అన్నా, అది 'మ' కాదు, నీ ఎద్దు తోక. మళ్లీ రాయి." ఏడాదిన్నర పట్టింది. తెలుగు వచ్చాక, రెండు లిపులూ తోబుట్టువుల్లా ఉంటాయి కాబట్టి, కన్నడం బోర్డులు సగం వాటంతటవే చదవడానికి వచ్చేశాయి. చేతికి సుద్ద అలవాటయ్యాక నేను ఊరికే ఉండలేదు. అదే స్తంభం మీద నా లెక్క మొదలుపెట్టాను.

ఆ లెక్క ఏమిటో చెప్పాలంటే పని కొంచెం చెప్పాలి. వానాకాలం తడిసిన బొగ్గు ముద్దయి, ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకు జారే గొట్టంలో ఇరుక్కుపోతుంది. ఆ గొట్టాన్ని చూట్ అంటారు. ఇరుక్కుంటే బెల్టు ఆపి, ఒక మనిషి చూట్ తలుపు తీసి లోపలికి దిగి, బెల్టు మీదే నిలబడి, గునపంతో పొడిచి రాల్చాలి. మనిషి లోపలుండగా బెల్టు కదలకూడదు. దానికి రూలు ఉంది. కరెంటు విభాగం వాళ్లు వచ్చి సరఫరా మొత్తం తీసేసి, "లైన్ క్లియర్" అని కాగితం రాసి ఇవ్వాలి. ఆ తర్వాతే దిగాలి. ఆ కాగితానికి గంట పట్టేది, ఒక్కోసారి రెండు గంటలు.

ఇది కాక గ్యాలరీలో మా చేతికింద రెండు కాపుదలలు ఉండేవి. బెల్టు పొడవునా ఒక తాడు. దాన్ని లాగితే బెల్టు ఆగుతుంది, తిరిగి సరిచేసేదాకా ఎవరూ నడపలేరు. రెండోది ఎదుటి గోడకు ఆపే స్విచ్. నొక్కిపెడితే అదీ అంతే. రెండింటిలో ఏది వాడినా దూరంగా ఉన్న కంట్రోల్ రూములో ఎర్ర దీపం వెలుగుతుంది. అది వెలిగినంతసేపూ అక్కడివాడు బెల్టు జోలికి రాడు.

ప్రతి షిఫ్టు మొదట్లో ఈ రెండూ పనిచేస్తున్నాయో లేదో పరీక్ష చేయడం నా పని. తాడుకు ఎడమవైపు, స్విచ్‌కు కుడివైపు, స్తంభం మీద గీసుకుంటూ పోయాను. పనిచేస్తే నిలువు గీత, మొండికేస్తే అడ్డగీతల ఇంటూ గుర్తు. ఒక వరుస నిండితే కింద ఇంకో వరుస. మొండికేసినప్పుడు కరెంటువాళ్లకు చెప్పేవాళ్లం. తీరిక చూసుకుని వాళ్లు వచ్చేసరికి అది మళ్లీ పనిచేసేది. "నీ చెయ్యి బాగలేదు" అని నవ్వి పోయేవాళ్లు.

కొత్తగా వచ్చిన చిన్న ఇంజనీరు ఒకరోజు ఆ గీతల ముందు ఆగాడు. రాయచూరు బజారులో బట్టల దుకాణం వాళ్ల అబ్బాయి, తెలుగువాడే. చెడ్డవాడు కాదు. తొందర ఎక్కువ.

"ఏంది ఇది?" అన్నాడు.

"తాడు లెక్క సార్. పంతొమ్మిదికి ఒకటి."

"అంటే పంతొమ్మిదింట్ల ఒకసారి పనిచేస్తలేదు," అని జేబులోంచి పుస్తకం తీసి రాసుకోబోయాడు.

"గట్ల కాదు సార్. ఇరవైల ఒకసారి."

"ఇప్పుడే గద పంతొమ్మిది అంటివి?"

"పంతొమ్మిది మంచివి, ఒకటి చెడ్డది. చెడ్డదాన్ని తీస్కపోయి ఎవరింట్ల పెడతరు సార్? అది గూడ బుట్టలనే ఉంటది."

వెనక నుంచి క్యాంపు అందుకున్నాడు. "సారూ, తమరు బట్టల కొట్టోరు కదండీ. పంతొమ్మిది గజాలు మంచిదీ, ఒక గజం చినిగిందీ ఉంటే తాను ఎన్ని గజాలండీ?"

ఇంజనీరు ముఖం ఎర్రబడింది గానీ నవ్వాడు. కొట్టేసి ఇరవై రాసుకున్నాడు. స్విచ్ సంగతి అడిగాడు. తొమ్మిదికి ఒకటి, అంటే పదింట ఒకసారి అని చెప్పాను. రెండూ ఒకేసారి చెడాలంటే ఎంత అని అడిగాడు. నన్ను పరీక్షిస్తున్నాడని తెలిసింది. "ఇరవైల ఒకటి, అందుల మళ్ల పదింట ఒకటి. రెండు వందల్ల ఒకటి" అన్నాను.

అతను ఆశ్చర్యపోయాడు. తర్వాత అడగాల్సిన మాటే అడిగాడు. అది నేను చచ్చేదాకా మరిచిపోను. "ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు గద? సంబంధముంటే గిట్ల గుణించొద్దు."

నేను చేతులు చాపి చూపించాను. "తాడు ఆ పక్కకు, స్విచ్ ఈ గోడకు. వాటికేం సంబంధం సార్?"

ఆ రోజు నుంచి అది "రెండు వందల లెక్క" అయింది. ఇంజనీరు మీటింగులో చెప్పాడట. పైవాళ్లకు నచ్చిందట. లైన్ క్లియర్ అక్కర్లేదని ఎవరూ కాగితం మీద రాయలేదు. కానీ అది రాకముందే దిగితే అంతకుముందు గట్టిగా తిట్టేవాళ్లు, ఆ తర్వాత తిట్టడం మానేశారు. బొగ్గు విభాగంలో జనం నన్ను చూపించి "రెండు వందలాయన" అనేవాళ్లు. అక్షరాలు వచ్చి రెండేళ్లు కాని మనిషికి అంత పేరు. ఒళ్లు తెలియలేదు.

ఆ వానాకాలం మూడు రోజులు ఎడతెగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున షిఫ్టు ఎక్కగానే తాడూ స్విచ్చూ పరీక్ష చేశాను. రెండూ పనిచేశాయి. రెండు గీతలు గీశాను. పది గంటలప్పుడు చూట్ ఇరుక్కుంది. బెల్టు ఆపించి, తాడు లాగి, స్విచ్ నొక్కిపెట్టాను. కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తే ఎర్ర దీపం వెలిగిందన్నారు.

క్యాంపు గునపం భుజాన వేసుకుని చూట్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"లైన్ క్లియర్ రాలేదా అన్నా?"

"లేదు తమ్మీ. కరెంటాయన రెండో యూనిట్ కాడ ఉన్నడంట. గంట పడతదంట."

"గంటైతే బంకర్ అడుగంటిపోద్ది. మళ్లీ తిట్లు మనకే. తాడు లాగావుగా?"

"లాగిన. స్విచ్ గూడ నొక్కిన."

"మరి నీ లెక్కెంత?"

"రెండు వందల్ల ఒకటి."

"అయితే నూట తొంభై తొమ్మిది నావే. ఆ ఒక్కటీ నువ్వుంచుకో," అన్నాడు. తల వంచి లోపలికి దిగాడు.

వద్దు అనే మాట నా నోట్లో లేదు. చెప్పినట్టు రాయొచ్చు. అప్పుడు చూసినవాళ్లు ఎవరూ లేరు. కానీ నేను అనలేదు. అతను దిగుతుంటే, నా లెక్క మీద అతనికున్న నమ్మకానికి లోపల సంతోషపడ్డాను కూడా.

ఇరవై నిమిషాలు గునపం చప్పుడు వినపడుతూనే ఉంది. రేకుల మీద వాన హోరు. కంట్రోల్ రూములో ఉన్నవాడు నడిపేముందు ఫోన్ మోగించానని తర్వాత చెప్పాడు. నాకు వినపడలేదు. మోగించే ఉంటాడు. సైరన్ మాత్రం వినపడింది. అన్ని బెల్టులకూ ఒకటే సైరన్ కావడం వల్ల మాది కాదనుకున్నాను. అనుకుంటూ ఉండగానే నా కళ్ల ముందు బెల్టు కదిలింది.

తాడు మళ్లీ లాగాను. తెగేలా లాగాను. స్విచ్‌ను అరచేత్తో బాదాను. బెల్టు ఆగలేదు. ఫోన్ నలభై అడుగుల దూరంలో ఉంది. పరుగెత్తి "ఆపురా" అని అరిచాను. ఆపేసరికి అతని ఎడమకాలు బెల్టుకూ రోలర్‌కూ మధ్య పోయింది. మనిషిని బయటికి తీశాం. ఆ సంగతి ఇంతకంటే రాయను.

రాయచూరు పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. నేను పోయేసరికి అతని భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి పక్కకు జరిగింది. అతను మందుల మత్తులోంచి కళ్లు తెరిచి, "తాడు లాగావుగా అన్నా?" అన్నాడు.

"లాగిన తమ్మీ."

"అడిగినోళ్లకి నేనూ అదే చెప్పా," అని మళ్లీ కళ్లు మూశాడు.

నా మాట వాడికి చాలింది. బయట ఎవరికీ చాలలేదు.

వాన వెలిసిన నాలుగో రోజున విచారణ కమిటీ వచ్చింది. తాడు పదిసార్లు లాగి చూశారు. పదిసార్లూ పనిచేసింది. స్విచ్ కూడా అంతే. వారం తర్వాత ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి, టైపు చేసిన కన్నడ కాగితం ముందు పెట్టి, సంతకం చేయమన్నారు. గుమాస్తా తొందరపెట్టాడు. అక్షరాలు రానినాడైతే వేలిముద్ర వేసి లేచేవాణ్ణి. ఈసారి వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. అరగంట పట్టింది. రెండో పేజీలో నా లెక్క కనపడింది.

అందులో రాసింది ఇది. తాడూ స్విచ్చూ రెండూ ఒకేసారి చెడిపోవడం రెండు వందల్లో ఒక్కసారి జరిగే సంగతి. అంత అరుదైనది ఆ రోజే జరిగిందని నమ్మడం కంటే, మొదట వెలిగిన దీపం తర్వాత ఆరింది కాబట్టి, తాడూ స్విచ్చూ తిరిగి సరిచేసేసి మనిషి దిగాడని నమ్మడం సబబు. కాబట్టి తప్పు దిగినవాడిది. సాక్షి చెప్పేది స్నేహితుణ్ణి కాపాడడానికి.

అంటే క్యాంపుకు కాలూ పోయింది, కొలువూ పోతుంది. అతని భాగం పొలం తిండికి చాలదు. ఇద్దరు పిల్లలు.

ఇంజనీరు బల్లకు అవతల కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూడలేదు.

"సార్, ఇది తప్పు," అన్నాను.

"ఏది తప్పు? లెక్క నీదే గద? నువ్వే చెప్తివి, నేను రాసుకుంటి. ఇప్పుడు కాదంటవా?"

"నాదే సార్. నా లెక్కనే తప్పు. ఎక్కడ తప్పిందో తెల్వది. రేపటిదాంక ఆగుండ్రి."

గుమాస్తా నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు. "రేపు కమిటీ పెద్దసాబు మళ్ల వస్తడు. పొద్దున పదింటి దాంక టైముంది," అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా గ్యాలరీకి పోయి స్తంభం ముందు కూర్చున్నాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. ఎడమవైపు ఇంటూ గుర్తులు పైనుంచి కిందికి లెక్కపెట్టాను, సరిగ్గానే ఉన్నాయి. కుడివైపువి లెక్కపెట్టాను, అవీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి చదవబోయి, అలవాటుకొద్దీ, క్యాంపు నేర్పినట్టు, ఎడమ నుంచి కుడికి చదివాను.

అప్పుడు కనపడింది. తాడు మొండికేసిన ప్రతి వరుసలోనూ పక్కనే స్విచ్ కూడా మొండికేసింది. ఒక్కటీ తప్పలేదు. ఎడమన ఇంటూ ఉంటే కుడినా ఇంటూ ఉంది. అవి రెండు వేరువేరు చెడులు కావు. ఒకటే చెడు రెండు చోట్ల కనపడింది. ఇన్నాళ్లూ నిలువుగా లెక్కపెట్టుకుంటూ వచ్చాను తప్ప అడ్డంగా ఒక్కసారి చదవలేదు. అంటే రెండూ కలిసి చెడే వంతు రెండు వందల్లో ఒకటి కాదు. ఇరవైలో ఒకటి. పదిరెట్ల తేడా. నా గీతలే చెబుతున్నాయి, నా కళ్ల ముందే, నా చేత్తోనే రాసి ఉంది.

సిగ్గేసింది. ఊళ్లో ఈ మాట మాకు బాగా తెలుసు. ఒకే కొట్టంలో మేత మేసిన రెండు కాడుల మీద విడివిడిగా పందెం కాసేవాణ్ణి పెద్దలు కేకలేసేవాళ్లు. ఆ కొట్టంలో గాలికుంటు రోగం వస్తే రెండు కాడులూ ఒకే రోజు పడుకుంటాయని. పశువుల దగ్గర తెలిసిన సంగతి యంత్రాల దగ్గరికి రాగానే మరిచిపోయాను. యంత్రాలంటే నాకు అంత గౌరవం.

కొట్టం ఏదో వెతకాలి. తాడు తీగ పట్టుకుని ఈ వైపు నుంచీ, స్విచ్ తీగ పట్టుకుని ఆ వైపు నుంచీ నడిచాను. రెండు తీగలూ గ్యాలరీ కింది మూలకు పోయి ఒకే ఇనుప పెట్టెలో దూరాయి. దాని మీద పైకప్పు రేకు లేచిపోయి ఆకాశం కనపడుతోంది. మూత తీశాను. లోపల పొడిగా ఉంది, ఎవరో తుడిచారు. కానీ గోడ మీద జానెడు ఎత్తున నల్లటి చార ఒకటి మిగిలింది. బొగ్గు మసి కలిసిన నీళ్లు అక్కడిదాకా నిలిచాయి. తీగలు బిగించే మరలు ఆ చారకు కిందే ఉన్నాయి. తాడు లాగితే తెగాల్సిన కరెంటు ఆ నీళ్లలోంచి పారింది. తాడు లాగారని ఆ పెట్టెకు తెలియలేదు. కంట్రోల్ రూములో ఎర్ర దీపం కూడా ఆ పెట్టె నుంచే వెలగాలి. పెట్టె నిండగానే దీపం ఆరిపోయింది. అక్కడున్నవాడు పని అయిపోయిందనుకుని నడిపాడు. అన్నాళ్లూ వాణ్ణి మనసులో తిట్టుకున్నాను. వాడు తాగినవాడూ కాదు, తిక్కవాడూ కాదు. దీపం చెప్పినట్టు చేశాడు.

మర్నాడు పదింటికి కమిటీ పెద్దసాబు గ్యాలరీకి వచ్చాడు. తెల్లజుట్టు, కన్నడం మనిషి. వెంట ఇంజనీరు, కరెంటు విభాగం పెద్ద, ఇంకో నలుగురు. నా చేతిలో బకెట్ ఉంది. అందులో బొగ్గు మసి కలిపిన నీళ్లు.

"ఏనిదు?" అన్నాడు పెద్దసాబు. ఏమిటిదని.

"మూడు రోజుల వాన సాబ్. బకెట్ల తెచ్చిన."

కరెంటు పెద్ద ఎగిరిపడ్డాడు. "పెట్టెల నీళ్లు పోస్తనంటున్నడు సార్, సామాను ఖరాబైతది! వీడు పెట్టె మూత ఎందుకు తీసిండు, ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలే. నేను ముందే తీసి ఉంటే నా తమ్ముడి కాలు ఉండేది," అన్నాను. గొంతు పెద్దదైంది. అందరూ నన్ను చూశారు.

పెద్దసాబు కాసేపు పెట్టెనూ, పైన రేకు లేని సందునూ మార్చి మార్చి చూశాడు. సరఫరా తీయించి, పోయమన్నాడు. చారదాకా పోశాను. అందరినీ బెల్టుకు దూరంగా నిలబెట్టి, చూట్ తలుపు తీయించి లోపల ఎవరూ లేరని తనే తొంగిచూశాడు. సరఫరా మళ్లీ ఇచ్చారు. తాడు నన్ను లాగనీయలేదు. ఇంజనీరును లాగమన్నాడు. ఇంజనీరు లాగాడు, వెళ్లి స్విచ్ నొక్కిపెట్టాడు. పెద్దసాబు ఫోన్ తీసి కంట్రోల్ రూమును అడిగాడు, ఎర్ర దీపం ఉందా అని. లేదన్నారు. అంతా బాగుందన్నారు.

"నడిపించు," అన్నాడు.

సైరన్ మోగింది. లాగిన తాడు అట్లా వేలాడుతూనే ఉంది. బెల్టు కదిలింది.

కరెంటు పెద్ద నేల చూస్తున్నాడు. పెద్దసాబు ఆపించి, "ఇన్నొమ్మె," అన్నాడు. మరొకసారి అని. మరొకసారీ కదిలింది. మూడోసారి చేయించాడు. మూడోసారీ కదిలింది.

"నీళ్లు నిండినంక వంతులు లేవు సాబ్," అన్నాను. "ఇరవై లేదు, రెండొందలు లేదు. పదికి పది."

ఆయన నా వైపు తిరిగాడు. వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా అడిగాడు. "మరి ఆ దినం నువ్వు అతనికి రెండు నూరు అని ఎందుకు చెప్తివి?"

ఉన్నదే చెప్పాను. "రెండు తీగలు యాడికి పోతున్నయో నేను ఎన్నడు చూడలే సాబ్. లెక్క మంచిగుండె, అందుకని చూడలే."

ఆయన తలూపాడు. మెచ్చుకున్నట్టు కాదు. రాసుకున్నట్టు.

కాగితం మారింది. ఇంజనీరు తన చేత్తోనే పాతది కొట్టేసి కొత్తది రాశాడు. తాడు లాగే ఉందనీ, స్విచ్ నొక్కే ఉందనీ, ప్రమాదం డ్యూటీలో జరిగిందనీ ఉంది. క్యాంపు కొలువు నిలిచింది. కాలు పోయినవాడు చేయగల పని స్టోర్లో చూపించారు. రేకు వేశారు, పెట్టెను పైకి మార్చారు, రెండు తీగలకూ రెండు పెట్టెలు పెట్టారు. లైన్ క్లియర్ లేకుండా మనిషిని దిగనిచ్చినందుకు నాకు మెమో వచ్చింది. రావలసిన ప్రమోషన్ రాలేదు. ఆ మెమో మీద నేను ఒక్క అక్షరం అభ్యంతరం రాయలేదు. అది సరైన కాగితం.

మీలో లెక్క వచ్చినవాళ్లు గుణించే ముందు తీగ పట్టుకుని చివరిదాకా నడవండి. ఇంతకంటే నీతి నాకు తెలియదు. తెలిసిన ఈ కాస్తా ఎవరి ఖర్చుతో తెలిసిందో చెప్పాను.

క్యాంపు ఆరు నెలలకు కొయ్యకాలుతో డ్యూటీకి వచ్చాడు. ఆ పొద్దున గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాను. ఇద్దరం స్టోర్ వైపు నడిచాం. సగం దారిలో చెప్పేశాను. గీతల సంగతీ, అడ్డంగా చదవని సంగతీ, ఇరవైలో ఒకటి అన్నదీ, నీళ్లు నిండితే పదికి పది అన్నదీ.

అతను ఆగి, రెండు చేతులూ కర్ర మీద పెట్టి నిలబడ్డాడు.

"ఇరవైలో ఒకటని నువ్వు చెప్పుంటే నేను దిగేవాణ్ణి కాదన్నా," అన్నాడు.

"ఎరుకనే తమ్మీ."

ఇంకేమైనా అంటాడని చూశాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. పోనీలే అంటాడేమోనని కూడా లోపల ఒక ఆశ. రెండూ అనలేదు. మళ్లీ నడిచాడు. స్టోర్ ముందు మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. మొదటి మెట్టు దగ్గర కర్రను ఎడమచేతికి మార్చుకుని, నా వైపు చూడకుండానే, కుడిచెయ్యి నా భుజం మీద వేశాడు. బరువంతా నా మీద మోపి ఎక్కాడు.

నేను రిటైరయ్యేదాకా ఏ షిఫ్టు పడినా, అతను వచ్చే వేళకు ఆ మెట్ల దగ్గర ఉండేవాణ్ణి. రమ్మని అతను ఒక్కనాడూ అడగలేదు, వద్దని కూడా అనలేదు.